పొలం కబుర్లతో తెల్లారి, సముద్రం కబుర్లతో పడుకునే రేడియో

అడగండి - చెబుతాం: ఈ వారం బీబీసీ రేడియో 4

బ్రిటన్‌లో దేశమంతా వినే మాటల రేడియో ఇది. 1967 సెప్టెంబర్ 30న బీబీసీ పాత రేడియో స్టేషన్ హోమ్ సర్వీస్ స్థానంలో మొదలైంది. సినిమా పాటల్లేవు, ప్రకటనల్లేవు. వార్తలు, చర్చలు, నాటకాలు, నవలాపఠనం, హాస్యం, వాతావరణం అన్నీ ఒకే రోజులో ఇమిడిపోతాయి. దీని గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులు.

అయ్యా, ఇంగ్లీషు వినికిడి బాగుపడుతుందని మా లెక్చరర్ గారు రేడియో 4 వినమన్నారు. ఎప్పుడు పెట్టినా ఏదో సగంలో ఉంటుంది. రోజంతా ఏమొస్తుంది? మన టైము ప్రకారం ఎప్పుడు వినాలి? - డిగ్రీ విద్యార్థి, గుంటూరు

సగంలో దొరకడానికి కారణం గడియారం తేడా. అక్టోబర్ చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం దాకా మనం వాళ్ళకంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటాం. మిగతా ఏడు నెలలు వాళ్ళు గడియారాన్ని గంట ముందుకు జరుపుకుంటారు కాబట్టి తేడా 4 గంటల 30 నిమిషాలే. ఫోన్లో ఒక అలారం పెట్టేసి ఏడాదంతా అదే అనుకుంటే మార్చిలో తప్పుతుంది. ప్రపంచ గడియారంలో లండన్‌ను చేర్చుకుని అక్కడి టైమే చూసుకోండి. కింద చెప్పేవన్నీ లండన్ టైములు, సోమవారం నుంచి శుక్రవారం దాకా వర్తిస్తాయి.

ఉదయం 5:45కి 'ఫార్మింగ్ టుడే', రైతుల కోసం పావుగంట లోపు కార్యక్రమం. 6 నుంచి 9 దాకా 'టుడే'. 1957లో మొదలైన ఈ కార్యక్రమంలోనే మంత్రులను నిలదీసే ఇంటర్వ్యూలు వస్తాయి. మధ్యలో 7:45 ప్రాంతంలో ఏదో ఒక మతానికి చెందినవారు మూడు నిమిషాల్లోపు చెప్పే చిన్న ప్రసంగం ఉంటుంది. 10కి 'ఉమన్స్ అవర్', ఇది 1946 నాటిది. మధ్యాహ్నం 1కి 'వరల్డ్ ఎట్ వన్', 45 నిమిషాల వార్తా విశ్లేషణ. 2:15కి నాటకం. సాయంత్రం 5కి 'పీఎం' అనే వార్తా కార్యక్రమం (ప్రధానమంత్రితో సంబంధం లేదు, సాయంత్రమని అర్థం). 6కి అరగంట వార్తలు, 6:30కి హాస్యం, 7కి 'ఆర్చర్స్' ధారావాహిక. రాత్రి 10కి 'వరల్డ్ టునైట్', 10:45కి 'బుక్ ఎట్ బెడ్‌టైమ్' అనే నవలాపఠనం. అర్ధరాత్రి వార్తలు, 12:48కి ఓడలవాళ్ళకి వాతావరణం. ఒంటిగంటకి రేడియో 4 పడుకుంటుంది, బీబీసీ విదేశీ శ్రోతల కోసం నడిపే వరల్డ్ సర్వీస్ అందుకుంటుంది.

ఇంగ్లీషు కోసమే అయితే ఈ వరుసలో వినకండి. మొట్టమొదట సాయంత్రం 6 గంటల వార్తలు పట్టుకోండి. చలికాలంలో మనకి రాత్రి 11:30, వేసవిలో 10:30. అది రాసి చదివే భాష, వాక్యాలు తెగకుండా ఉంటాయి, చదివేవాళ్ళు తొందరపడరు. మొదటి రెండు నిమిషాల ముఖ్యాంశాలు చాలు. ఫోన్లో రికార్డు చేసుకుని మూడుసార్లు వినండి. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు, అంకెలు మాత్రం రాసుకోండి. మూడోసారి క్రియలు పట్టుకోండి. పేర్లు ముందే కాగితం మీద ఉంటే మిగతా మాటలు చెవికి వాటంతటవే విడిపోతాయి. చాలామందికి అర్థంకానిది భాష కాదు, తెలియని పేర్లే.

అది మూడు వారాలు నడిచాక 10:45 నవలాపఠనానికి వెళ్ళండి. ఒకే గొంతు, ఒకే కథ, రోజుకి పావుగంట. నాటకం ఆ తర్వాత. అందులో యాసలు కలుస్తాయి, తలుపుల చప్పుళ్ళు, వాన చప్పుళ్ళ మీదుగా మాటలు వస్తాయి. 6:30 హాస్యాన్ని అన్నిటికన్నా చివరికి వదిలేయండి. నవ్వు మాటలో కాక దాని వెనకున్న ఊరి రాజకీయంలోనో పాత టీవీ కార్యక్రమంలోనో ఉంటుంది. అర్థంకాలేదని మీ ఇంగ్లీషును తిట్టుకోనక్కర్లేదు.

ఇండియాలో వినడానికి ఇప్పుడు దారి బీబీసీ డాట్ కామ్, బీబీసీ యాప్. పాత 'బీబీసీ సౌండ్స్' యాప్‌ను బ్రిటన్ బయటివారికి 2025 జూలైలో ఆపేశారు, దాని కోసం వెతికి టైము వృథా చేసుకోకండి. డేటా సంగతంటారా, 128 కిలోబిట్ల నాణ్యతతో గంటకి దాదాపు 58 ఎంబీ అవుతుంది. అందులో సగం నాణ్యతైనా మాటలకి సరిపోతుంది.

వరంగల్ నుంచి ఒక పాఠకుడు: గంట కొట్టే ముందు 'పిప్ పిప్' మని ఆరు చప్పుళ్ళు వస్తాయి కదా. ఫోన్లో విని గోడ గడియారం సరిచేసుకుంటే దాదాపు అర నిమిషం వెనకబడింది. బీబీసీ గడియారమే తప్పా?

బీబీసీ గడియారం తప్పు కాదు, మీ దాకా వచ్చే దారి పొడుగు. ఇంటర్నెట్ ప్రసారంలో ధ్వనిని ముక్కలుగా కోసి, కుదించి, సర్వర్లలో పెట్టి, మీ ఫోన్లో కొంత పోగుచేసుకున్నాకే వినిపిస్తారు. నెట్ తెగినా మాట తెగకుండా ఉండాలని చేసే ఏర్పాటది. దానివల్ల పదుల సెకన్ల ఆలస్యం మామూలే, ఒక్కో ఫోన్లో ఒక్కోలా ఉంటుంది. బ్రిటన్‌లోనే ఉన్నా డిజిటల్ రేడియోలో కొన్ని సెకన్లు వెనక. అక్కడి ఎఫ్ఎంలో మాత్రమే నమ్మొచ్చు. గడియారం సరిచేయడానికి మీ ఫోన్ తెర మీది టైమే మేలు.

ఆ ఆరు చప్పుళ్ళూ ఒకటి కావు. మొదటి అయిదూ సెకనులో పదో వంతు చొప్పున 55, 56, 57, 58, 59 సెకన్ల దగ్గర వస్తాయి. ఆరోది అర సెకను పొడుగు. అది మొదలైన క్షణమే గంట, ముగిసిన క్షణం కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. 1971 దాకా ఆరూ ఒకే పొడుగుండేవి, ఎన్నోది విన్నామో లెక్క తప్పేది. అందుకే చివరిదాన్ని సాగదీశారు. లీప్ సెకను (భూమి తిరుగుడుతో గడియారాన్ని సరిపెట్టడానికి అప్పుడప్పుడు చేర్చే అదనపు సెకను) కలిపిన రోజు ఏడో పిప్ కూడా వస్తుంది. 1924 ఫిబ్రవరి 5న గ్రీనిచ్ వేధశాల నుంచి మొదలయ్యాయి. 1990 నుంచి బీబీసీ తన భవనంలోనే తయారు చేసుకుంటోంది.

సాయంత్రం 6కీ అర్ధరాత్రికీ పిప్స్ ఉండవు, లండన్ బిగ్ బెన్ గంట మోగుతుంది. రికార్డు కాదు, గోపురంలో మైకు ఉంది. 2017లో మరమ్మతులు మొదలైనప్పుడు రికార్డు వాడారు, 2023లో మళ్ళీ నేరుగా వినిపించడం మొదలుపెట్టారు.

అరగంట కార్యక్రమం అంటారు, చూస్తే 28 నిమిషాలకే అయిపోతోంది. మిగతా రెండు నిమిషాలూ ఏమవుతున్నాయి? చర్చ సాగిపోతే ఎలా ఆపుతారు? - కమ్యూనిటీ రేడియో కార్యకర్త, సంగారెడ్డి

మిగిలిన టైము రాబోయే కార్యక్రమాల ప్రచారానికీ, అనౌన్సర్ రెండు ముక్కలకీ, గంట మీద వచ్చే వార్తలకీ పోతుంది. అందుకే 30 అంటే 28, 15 అంటే 13 చిల్లర, గంట అంటే 57. రికార్డు చేసిన కార్యక్రమం ఆ కొలతకే కోసి ఇవ్వాలి. సెకన్లతో సహా నిడివి రాసి ఇస్తేనే అనౌన్సర్‌కి లెక్క కుదురుతుంది.

ప్రత్యక్ష ప్రసారంలో టైమును వెనకనుంచి లెక్కిస్తారు. మీకూ పనికొస్తుంది, చూడండి. 9:00:00కి వార్తలు మొదలవ్వాలి. పిప్స్ 8:59:55కి మొదలవుతాయి. దానికి ముందు వీడ్కోలు 15 సెకన్లు, దానికి ముందు రేపటి విశేషాలు 25 సెకన్లు. అంటే చివరి అతిథి నోరు 8:59:15కి మూతపడాలి. ఆ అతిథితో మాటలు 4 నిమిషాలైతే 8:55:15కి మొదలుపెట్టాలి. ఇలా కింద నుంచి పైకి రాసుకుంటూ వస్తే ఎక్కడ ఎన్ని సెకన్లు తేడా వచ్చిందో ఆ క్షణానే తెలుస్తుంది. పైనుంచి కిందికి కూడుకుంటూ వెళితే చివర్లోనే తెలుస్తుంది, అప్పటికి చేయగలిగిందేమీ ఉండదు. ఎంత లెక్క వేసినా ఒక్కోసారి మాట పిప్స్ మీద పడుతుంది. దాన్ని అక్కడ 'పిప్స్‌ను గుద్దేయడం' అంటారు, ఏ సమర్పకుడూ కోరుకోడు.

ఖాళీ పూడ్చడానికి ఇంగ్లీషులో సెకనుకి 3 మాటలన్నది బీబీసీవాళ్ళ పాత లెక్క. 20 సెకన్లు మిగిలితే 60 మాటలు రాసుకుంటారు. పావుగంట నవలాపఠనమంటే ఈ వేగానికి కాస్త తగ్గించి చూసినా 2,000 మాటలు దాటుతుంది. మీరు ఈ లెక్క తెలుగుకి వాడకండి. మన మాటకి విభక్తి, ప్రత్యయం అంటుకుని ఒక్కటే రెండు మూడు ఇంగ్లీషు మాటలంత అవుతుంది. 'చెప్పాల్సివచ్చిందట' ఒక మాట, పలకడానికి పట్టే టైము చూడండి. స్క్రిప్టును గట్టిగా ఒక పేజీ చదివి, పట్టిన సెకన్లు పేజీ మూలన రాసుకోవడమే నికరమైన పద్ధతి. మనసులో చదివితే ఎప్పుడూ తక్కువే వస్తుంది.

నేను పోర్టులో పనిచేసి రిటైరైనవాణ్ణి. అర్ధరాత్రి వచ్చే షిప్పింగ్ ఫోర్‌కాస్ట్ గురించి చదివాను. ఓడ లేనివాళ్ళు కూడా వింటారట. విన్నాను, మంత్రం చదివినట్టుంది. ఎలా అర్థం చేసుకోవాలి? - విశాఖపట్నం

లండన్‌లో 12:48 అంటే మీకు ఉదయం 6:18, వేసవిలో 5:18. వాళ్ళ నిద్రవేళ కార్యక్రమం మీకు కాఫీ వేళ దొరుకుతుంది.

మంత్రంలా ఉండడానికి కారణం మాటల పరిమితి. మొత్తం సూచన 350 మాటలు దాటకూడదు, అర్ధరాత్రిది 380. బ్రిటన్ చుట్టూ సముద్రాన్ని 31 భాగాలు చేశారు. క్రియలకీ, 'సముద్రం', 'గాలి' అనే మాటలకీ చోటు లేదు. ఏ స్థానంలో ఏమొస్తుందో తెలిస్తేనే అర్థం. ముందు తుపాను గాలుల (గేల్) హెచ్చరిక ఉన్న ప్రాంతాల పేర్లు, తర్వాత అల్పపీడనాలు, అధిక పీడనాలు ఎక్కడున్నాయో రెండు వాక్యాలు. ఆపైన ప్రాంతాల వారీగా నార్వే వైపున్న వైకింగ్‌తో మొదలై, ఉత్తర సముద్రం మీదుగా దిగి, ఇంగ్లిష్ ఛానల్ దాటి, ఐర్లండ్ చుట్టి ఆగ్నేయ ఐస్‌లాండ్‌తో ముగుస్తుంది. మ్యాపు మీద చూస్తే దేశానికి ప్రదక్షిణే. స్పెయిన్ కిందున్న ట్రఫాల్గర్ మామూలుగా అర్ధరాత్రి ప్రసారంలో మాత్రమే వస్తుంది.

ఉదాహరణకి ఇలా వినిపిస్తుంది: 'హంబర్, థేమ్స్. సౌత్‌వెస్ట్ 5 టు 7, అకేషనల్లీ గేల్ 8 లేటర్. మోడరేట్ ఆర్ రఫ్. రెయిన్. గుడ్, అకేషనల్లీ పూర్.'

మొదట ప్రాంతాలు. తర్వాత గాలి: నైరుతి నుంచి, గాలి బలానికి అంకెలిచ్చే బోఫోర్ట్ కొలతలో 5 నుంచి 7, తర్వాత్తర్వాత అప్పుడప్పుడు 8. మూడోది అలలు: మోడరేట్ అంటే 1.25 నుంచి 2.5 మీటర్లు, రఫ్ అంటే 2.5 నుంచి 4 మీటర్లు. నాలుగోది వాన. చివరిది కంటికి ఆనే దూరం: గుడ్ అంటే 5 నాటికల్ మైళ్ళ పైన, మోడరేట్ 2 నుంచి 5, పూర్ అంటే 1,000 మీటర్ల నుంచి 2 నాటికల్ మైళ్ళ దాకా, అంతకు తగ్గితే వెరీ పూర్. 'మోడరేట్' రెండు చోట్లా వస్తుంది చూడండి. వానకి ముందొస్తే అలలు, వాన తర్వాతొస్తే చూపు. కొత్తవాళ్ళు తికమకపడేది ఇక్కడే.

ఇంకో మూడు మాటలకి గడియారం కట్టి ఉంటుంది. గేల్ హెచ్చరికలో 'ఇమినెంట్' అంటే 6 గంటల్లోపు, 'సూన్' అంటే 6 నుంచి 12 గంటల్లో, 'లేటర్' అంటే 12 గంటలు దాటాక. గాలి దిక్కు మారడానికి రెండు మాటలున్నాయి: 'వీరింగ్' ప్రదక్షిణంగా తిరగడం, 'బ్యాకింగ్' అప్రదక్షిణంగా తిరగడం. ప్రాంతాల సూచన అయ్యాక చదివే తీర కేంద్రాల వివరాల్లో గాలి పీడనం 'ఫాలింగ్ క్విక్లీ' అన్నారంటే మూడు గంటల్లో 3.6 నుంచి 6 హెక్టాపాస్కల్స్ పడిందని. 'వెరీ ర్యాపిడ్లీ' అంటే 6 దాటిందని. అది వింటే ఓడ ఉన్నవాడికి నిద్రపట్టదు.

మీకు సులువైన పోలిక ఒకటుంది. గేల్ 8 అంటే 34 నుంచి 40 నాట్ల గాలి (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు). బంగాళాఖాతంలో వాయుగుండాన్ని తుపాను అని పిలవడం మన వాతావరణ శాఖ మొదలుపెట్టేది కూడా 34 నాట్ల దగ్గరే. అయితే మన రేవుల్లో ఎగరేసే 1 నుంచి 11 నంబర్లను బోఫోర్ట్ అంకెలతో కలపకండి. మన నంబరు గాలి వేగం చెప్పదు, రేవుకి ఎంత ముప్పో, తుపాను ఏ పక్కనుంచి దాటుతుందో చెబుతుంది. 11 అయితే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. మీకు తెలిసినదే, తక్కిన పాఠకుల కోసం రాశాం.

సూచనకి ముందు ఒక నెమ్మదైన వాల్ట్జ్ బాణీ వస్తుంది, రొనాల్డ్ బింజ్ కూర్చిన 'సెయిలింగ్ బై'. అందం కోసమే కాదు. ముందు కార్యక్రమం 40 సెకన్లు తక్కువొచ్చినా, రెండు నిమిషాలు తక్కువొచ్చినా ఆ బాణీతో పూడ్చి సరిగ్గా 12:48కి సూచన మొదలుపెడతారు. సముద్రం మీదున్నవాడు స్టేషన్ వెతుక్కోవడానికీ అది గుర్తు.

వినేటప్పుడు 31 పేర్లూ వరుసగా రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి. అన్నీ పట్టుకోవాలనుకోకండి. డోవర్, ఐరిష్ సీ, ఫిట్జ్‌రాయ్ ఇలా మూడు ఎంచుకుని అవి మాత్రం వారంపాటు రాయండి. ఫిట్జ్‌రాయ్ పేరు పాత మ్యాపుల్లో దొరకదు. 2002 దాకా దాన్ని ఫినిస్టెర్ అనేవారు, తర్వాత బ్రిటన్ వాతావరణ శాఖను స్థాపించిన రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ పేరు పెట్టారు.

మా అబ్బాయి లెస్టర్‌లో చదువుకుంటున్నాడు. గదిలో రేడియో పెట్టుకుంటే లైసెన్సు కట్టాలని ఎవరో భయపెట్టారట. సెకండ్‌హ్యాండ్ డిజిటల్ రేడియో కొనొచ్చా? దాన్ని తర్వాత ఇంటికి తెస్తే పనిచేస్తుందా? - ఒక తల్లి, ఖమ్మం

రేడియోకి లైసెన్సు అక్కర్లేదమ్మా, 1971లోనే తీసేశారు. టీవీ ప్రసారం నేరుగా చూసినా, బీబీసీ వీడియోల యాప్ ఐప్లేయర్ చూసినా మాత్రం టీవీ లైసెన్సు కట్టాలి, లాప్‌టాప్‌లో చూసినా సరే. భయపెట్టినవాళ్ళు ఈ రెండిటినీ కలిపేసి ఉంటారు.

డిజిటల్ రేడియో కొనుక్కోవచ్చు. కొనే ముందు యాంటెన్నా విరిగిందేమో, అడాప్టర్ సెట్టుతో వచ్చిందేమో చూడమనండి. ఆ సెట్లు బ్యాటరీని ఎఫ్ఎం సెట్ల కంటే చాలా త్వరగా తాగేస్తాయి. సిగ్నల్ బలహీనమైతే గరగర రాదు, నీళ్ళు బుడబుడలాడినట్టు మాట మునిగి తేలుతుంది. యాంటెన్నా పూర్తిగా లాగి నిటారుగా నిలబెట్టి, కిటికీ పక్కకి జరిపి, స్టేషన్లను మళ్ళీ వెతికించాలి. అప్పటికీ బుడబుడ ఆగకపోతే ఎఫ్ఎంకి మార్చుకుని 92 నుంచి 96 మధ్య వెతకమనండి. గరగరగా ఉంటే స్టీరియో తీసేసి మోనోలో పెడితే తగ్గుతుంది.

ఇండియాకి తెస్తే ఎఫ్ఎం పనిచేస్తుంది, డిజిటల్ భాగం పనిచేయదు. డిజిటల్ ప్రసారానికి వాళ్ళది డాబ్ అనే పద్ధతి, మన ఆకాశవాణి మీడియం వేవ్‌లో ఎంచుకున్నది డీఆర్‌ఎం అనే మరో పద్ధతి. ఒకదాని సెట్టు మరొకదానికి పనికిరాదు.

'ఆర్చర్స్' ఎక్కడ మొదలుపెట్టాలి? వేల భాగాలున్నాయట. - హైదరాబాద్

ఈ రోజు భాగంతోనే మొదలుపెట్టండి. 1951 జనవరి 1 నుంచి దేశమంతటా వస్తోంది, వెనక్కి వెళ్ళి అందుకోవడం అయ్యే పని కాదు. ఆంబ్రిడ్జ్ అనే కల్పిత పల్లె, అందులో రైతు కుటుంబాలు. యుద్ధం తర్వాత తిండి కొరత రోజుల్లో కొత్త సాగు పద్ధతులను కథలో కలిపి చెప్పడానికి పెట్టారు. మన ఆకాశవాణి రైతు కార్యక్రమాల్లో ఇద్దరు ముగ్గురు పల్లెటూరి పాత్రలు మాట్లాడుకుంటూ ఎరువు సంగతి చెప్పడం గుర్తుందా, ఆ వరసే. కాకపోతే అక్కడ ఎరువు వెనక్కి పోయి కాపురాలు ముందుకొచ్చాయి.

రోజుకి 13 నిమిషాల చిల్లర. ఆదివారం ఆ వారం భాగాలన్నీ కలిపి వేస్తారు. మొదటి నెల దాన్నే వినండి. ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక వంశవృక్షం గీసుకుంటే కానీ నిలబడదు. పేర్లు తక్కువ, చుట్టరికాలు ఎక్కువ.

బీబీసీ తెలుగు రేడియో ఏ మీటర్ల మీద వస్తుంది? - ఒంగోలు

రాదు. బీబీసీ తెలుగు 2017 అక్టోబర్ 2న ఇంటర్నెట్‌లో మొదలైంది, రేడియో బ్యాండులో వెతికి లాభం లేదు.

మా తాతగారి వాల్వు రేడియో ఇంకా పాడుతోంది. రేడియో 4 లాంగ్ వేవ్ మీద కూడా వచ్చేదని, అందులో క్రికెట్ వ్యాఖ్యానం వినేవారని చదివాను. ఈ సెట్లో పట్టుకోవచ్చా? - రాజమహేంద్రవరం

పట్టుకోలేరు. ఇంగ్లండ్‌లోని డ్రాయిట్‌విచ్ నుంచి 198 కిలోహెర్ట్జ్ మీద నడిపిన ఆ లాంగ్ వేవ్ బ్రిటన్ కోసం, చుట్టుపక్కల సముద్రాల కోసం పెట్టింది. గోదావరి దాకా చేరదు. పైగా ఇండియాలో అమ్మిన సెట్లలో చాలావాటికి లాంగ్ వేవ్ బ్యాండే ఉండదు, మీడియం, షార్ట్ వేవులే. క్రికెట్ మాట నిజమే. ఎఫ్ఎంలో మామూలు కార్యక్రమాలు నడుస్తుంటే లాంగ్ వేవ్‌లో టెస్ట్ మ్యాచ్ వ్యాఖ్యానం వచ్చేది, షిప్పింగ్ ఫోర్‌కాస్ట్ టైముకి ఆట ఏ స్థితిలో ఉన్నా ఆపేసేవారు. 2023 యాషెస్‌తో అది ముగిసింది. మరుసటి ఏడాది నుంచి లాంగ్ వేవ్‌కి విడి కార్యక్రమాలే లేవు.

తాతగారి రేడియో గొంతులోనే వినాలని ఉంటే దారి ఉంది. సెట్టు వెనక గ్రామఫోన్ కోసం పెట్టిన సాకెట్ ఉందేమో చూడండి. ఫోన్ నుంచి వచ్చే ఎడమ, కుడి తీగలను నేరుగా ముడివేయకండి. ఒక్కోదానికి 1 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టి, అవతలి కొసలు కలిపి ఆ సాకెట్‌కి ఇవ్వాలి. అంతకన్నా ముందు ఒక జాగ్రత్త. ఏసీ, డీసీ రెండిటికీ పనిచేసే పాత సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, లోపలి ఇనప చట్రానికే (చాసిస్) కరెంటు ఉంటుంది. అలాంటిదానికి ఫోన్ తగిలిస్తే ఫోన్‌తో పాటు మనిషికీ ప్రమాదం. వాల్వు సెట్లు తెలిసిన మెకానిక్ చేత చూపించి, ఆ రకమైతే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించాకే ముట్టుకోండి.